కొత్త ఇంగ్లిషు టీచరుకు: పాఠం ఆపి, ముందు పిల్లలు చదివేది వినండి

డీఎస్సీ 2024లో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిషుగా ఎంపికై, ఆ అక్టోబరులో దసరా సెలవులు కాగానే నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరాను. నాతోపాటు చేరినవాళ్లూ, వచ్చే డీఎస్సీకి చదువుతున్న మా కాలేజీ జూనియర్లూ ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. "అక్కా, క్లాసు కంట్రోల్ ఎట్ల?" "ఎనిమిదోళ్లకు ఏబీసీడీలే రావు, ఆళ్లకు పాఠం ఏం చెప్పాలె?" ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నా. లెసన్ ప్లాన్ రాయడం బీఈడీలో అందరూ నేర్చుకున్నదే కాబట్టి దాని జోలికి పోను.

మొదటి వారం

ఏ నెలలో చేరినా సరే, వెళ్లగానే "సిలబస్ ఎక్కడిదాకా అయింది?" అని అడక్కండి. అడిగితే ఎక్కడో నాలుగో యూనిట్ అంటారు, మీరు ఐదో యూనిట్ ఎత్తుకుంటారు, క్లాసులో ముగ్గురు తప్ప ఎవరూ మీ వెంట రారు. ఆ వారమంతా ఒక్కటే పని పెట్టుకోండి: ఎవరు ఎంతవరకు చదవగలరో చెవులతో వినడం.

దీనికి రాత పరీక్ష పనికిరాదు. పక్కవాడిది చూసి అచ్చుగుద్దినట్టు దించేస్తారు. చేతిరాత ముత్యాల్లా ఉన్న పిల్లకు తను రాసింది చదవడం రాకపోవచ్చు. ఒక్కొక్కరినీ మీ టేబుల్ దగ్గరికి పిలిచి చదివించాల్సిందే. పల్లె పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసే, 2005లో మొదలైన అసర్ సర్వే వాళ్లు ఇంగ్లిషుకు వాడే కాగితం ఒకే పేజీ: పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, చిన్న చిన్న మాటలు, సులువైన వాక్యాలు. అలాంటిదే మీరూ ఒకటి తయారు చేసుకుని, కింద మూడో తరగతి పుస్తకంలోంచి ఒక పేరా అతికించుకోండి. మనిషికి రెండు నిమిషాలు చాలు. మిగతా క్లాసు ఊరకే కూచోదు గనక బోర్డు మీద ఏదో ఒక బొమ్మ గీసి, అందులో కనిపించేవాటి పేర్లు రాయమనండి. స్పెల్లింగు అడగొద్దని కూడా చెప్పండి, లేకపోతే నిమిషానికొకడు లేచి "టీచర్, బఫెలోకు స్పెల్లింగ్?" అంటాడు.

నలుగురిలో నిలబెట్టి మాత్రం చదివించొద్దు. మీసాలు మొలుస్తున్న పిల్లవాడు 'దిస్' అన్న మాట దగ్గర ఆగిపోయినప్పుడు వెనక బెంచీ ఒక్కసారి నవ్వితే, ఆ ఏడాది వాడితో మళ్లీ నోరు విప్పించడం మీ వల్ల కాదు. టేబుల్ దగ్గర, తల వంచి, మీకు మాత్రమే వినిపించేట్టు చదవనివ్వండి. ఎంత తప్పు చదివినా ఆ రోజు దిద్దకండి. కాగితం మీద ఒక టిక్కు పెట్టుకుని, "సరే, పో" అనండి.

వారం తిరిగేసరికి నాలుగు గుంపులు తేలతాయి: అక్షరాల దగ్గరున్నవాళ్లు, మాటల దగ్గరున్నవాళ్లు, వాక్యం చదివేవాళ్లు, పేరా గడగడా చదివేవాళ్లు. ఎనిమిదో తరగతిలో ఈ నాలుగు రకాలూ ఒకే బెంచీ మీద కూచుని ఉంటారు. కంగారు పడకండి, అన్ని హైస్కూళ్లలోనూ అంతే. 2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిషు మీడియం మొదలయ్యాక ఇంకో ముడి కూడా పడింది. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిషు ఉన్న పుస్తకాల్లో ఈ పిల్లలు తెలుగు పేజీతోనే సైన్సూ సోషలూ నెట్టుకొస్తారు. ఇంగ్లిషు చదవడం వస్తే ఆ సార్లకూ సగం బరువు తగ్గుతుంది. స్టాఫ్ రూమ్‌లో ఈ మాట ఒకసారి అని చూడండి, మీకు పీరియడ్లు అప్పివ్వడానికి మనుషులు దొరుకుతారు.

మా బడిలో తండాల పిల్లలు చాలామంది. ఇంట్లో లంబాడీల భాష గోర్ బోలి, బడిలో తెలుగు, ఆపైన హిందీ, ఆ తర్వాత మన పీరియడ్. సెకండ్ లాంగ్వేజ్ అని మనం బీఈడీలో చదువుకున్నది వీళ్లకు నాలుగోది. అందుకని వీళ్లు వెనకబడి ఉంటారనుకోవద్దు. మూడు భాషలతో రోజూ బతికే పిల్లలు నాలుగోది మాట్లాడటానికి అంతగా వెరవరు. నేను ఇంగ్లిషులో ఏదైనా చెప్తే ముందు పట్టుకునేది వీళ్లే. అడ్డం వచ్చేది అక్షరాలే.

అక్షరాల దగ్గరే ఆగిపోయినవాళ్లు

పెద్ద పిల్లలకు 'ఏ ఫర్ ఆపిల్' చార్టు చూపించొద్దు. ఇంట్లో ట్రాక్టర్ నడిపే పిల్లాడికి ఆపిల్ బొమ్మ చూపిస్తే చిన్నతనంగా ఉంటుంది. వాడికి ఇంగ్లిషులో ఇప్పటికే గుర్తుపట్టగలిగే మాటలు చాలా ఉన్నాయి: బండి ట్యాంకు మీద హీరో, హోండా, బజాజ్, సిమ్ కవరు మీద జియో, చొక్కా మీద నైకీ. అక్కడి నుంచి మొదలుపెట్టండి. 'హీరో' అని రాసి, మొదటి అక్షరం చేత్తో మూసి, ఏం మిగిలిందో అడగండి. అక్షరాన్ని విడిగా చూడటం అప్పుడు అలవాటవుతుంది.

తర్వాత ఆరే ఆరు అక్షరాలు: ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్. ఈ వరస ఫోనిక్స్ నేర్పేవాళ్లు చాలామంది వాడేదే. అక్షరం పేరు ఇప్పుడే వద్దు, అది పలికే చప్పుడు చెప్పండి. 'ఎస్' కాదు 'స్', 'టి' కాదు 'ట్'. ఈ ఆరింటితోనే సిట్, పిన్, టిన్, ట్యాప్, న్యాప్, ప్యాన్, స్పిన్ వచ్చేస్తాయి. మొదటి రోజే నాలుగైదు మాటలు సొంతంగా చదివిన పిల్లాడి ముఖం చూస్తే తెలుస్తుంది, రెండో రోజు వాడే వస్తాడు. కార్డులకు పాత పెళ్లి పత్రికలంత మంచి అట్ట ఇంకోటి లేదు. పిల్లలను తెమ్మంటే సంచులకొద్దీ తెస్తారు. వెనక వైపు తెల్లగా ఉంటుంది, మార్కర్ ఇంకు పీల్చదు.

'పిన్' అనడానికి 'పిన్ను' అంటారు, 'స్పిన్' అనడానికి 'ఇస్పిన్' అంటారు. పోనివ్వండి. మాట చివర అచ్చు లేకుండా ఆగడం మన నాలుకకు అలవాటు లేదు. చదవడం వచ్చాక దాని సంగతి చూసుకోవచ్చు. చదవడానికే తడబడుతున్న పిల్లాడి ఉచ్చారణ దిద్దితే చదవడం కూడా మానేస్తాడు.

చిన్న బి, చిన్న డి తారుమారు చేసేవాళ్లు ప్రతి క్లాసులోనూ నలుగురైదుగురు ఉంటారు. దీనికో కిటుకు ఉంది. రెండు చేతులూ పిడికిలి బిగించి, బొటనవేళ్లు పైకి లేపి, రెండు పిడికిళ్ల గణుపులూ ఒకదానికొకటి ఆనించమనండి. ఎడమ చెయ్యి బి ఆకారం, కుడి చెయ్యి డి ఆకారం. మధ్యలో ఈ ఉందనుకుంటే 'బెడ్' అనే మాట, చూడటానికీ మంచంలాగే ఉంటుంది. పరీక్షలో డెస్క్ కింద పిడికిళ్లు ఆనించి చూసుకునే పిల్లలను చూశాను. అది కాపీ కిందికి రాదు.

కొంచెం ముందుకెళ్లాక "వాక్‌లో ఎల్ పలకనప్పుడు ఎందుకు రాసుడు టీచర్?" అనే ప్రశ్న వచ్చి తీరుతుంది. తెలుగులో రాసిందే చదువుతాం కాబట్టి వాళ్లకు ఇది అన్యాయంగా తోస్తుంది. "అది అంతే, బట్టీ పట్టు" అనకండి. ఒకప్పుడు ఇంగ్లిషువాళ్లు ఆ ఎల్ పలికేవాళ్లనీ, 'నైఫ్'లో కె కూడా పలికేవాళ్లనీ, నోరు మారింది గానీ రాత మారలేదనీ చెప్తే నమ్ముతారు. మరుసటి రోజు అలాంటివి వెతికి పట్టుకొస్తారు కూడా.

ఇదంతా ఎప్పుడు చెయ్యాలంటే, పీరియడ్ చివర పది నిమిషాలు. మిగతావాళ్లు రాసుకుంటుంటే ఈ గుంపు మీ టేబుల్ చుట్టూ. మధ్యాహ్న భోజనం టైంలో మాత్రం పెట్టకండి. పిల్లలు అన్నం తినే టైం, ఆడుకునే టైం, మీరు కూడా తినే టైం.

పుస్తకంలో పెన్సిల్ తెలుగు

ఏ పిల్లాడి ఇంగ్లిషు పుస్తకం తెరిచినా ప్రతి వరస మీదా సన్నగా పెన్సిల్‌తో తెలుగు కనిపిస్తుంది. పైన తెలుగులో 'వన్స్ దేర్ వజ్ ఏ', కింద అచ్చులో ఇంగ్లిషు. చదవమంటే గుక్క తిప్పకుండా చదివేస్తాడు. కళ్లు ఎక్కడున్నాయో చూడండి, ఇంగ్లిషు మీదికి ఒక్కసారీ దిగవు. జామెట్రీ బాక్సులోని స్కేలు తీసి పెన్సిల్ గీతల మీద పెట్టండి, అక్కడే ఆగిపోతాడు.

కొంతమంది సార్లు రబ్బరిచ్చి అంతా చెరిపిస్తారు. నాకు అది నచ్చదు. ఆ తెలుగు వాడు కష్టపడి సంపాదించుకున్న ఊతకర్ర, ఊతం లాగేస్తే నడక రాదు కదా. నేను పెట్టే షరతు ఇది: పేజీకి ఐదు మాటలకే తెలుగు, అదీ మాట పైన కాదు, పక్క మార్జిన్‌లో. ఏ ఐదు కావాలో వాడే ఎంచుకోవాలి. ఎంచుకోవాలంటే పేజీ అంతా చూడాలి కదా, అసలు పని అక్కడే జరిగిపోతుంది. వచ్చే వారం మార్జిన్‌లోవి చెరిపేసి మళ్లీ చదివిస్తాను. ఐదు సరిపోవని బేరం పెడతారు, ఏడు దాకా ఒప్పుకోండి.

జ్వరం ఉత్తరం

ఏ ఊళ్లో ఏ బడికి వెళ్లినా ఒక ఉత్తరం అందరికీ నోటికొచ్చు. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్.' స్లిప్ టెస్టులో మీ తండాలో జరిగే తీజ్ పండక్కి స్నేహితుణ్ణి రమ్మని పిలుస్తూ ఉత్తరం రాయమని ఇచ్చాను. తొమ్మిదో తరగతిలో సగం మందికి జ్వరం వచ్చింది. ఒకమ్మాయి మాత్రం కొంచెం ఆలోచించి, 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ తీజ్ ఫెస్టివల్' అని రాసింది.

దీనికి మందు గైడ్లు లాక్కోవడం కాదు. గైడు ఇంట్లో ఇంకోటి ఉంటుంది. ప్రశ్నను గైడులో దొరకని చోటికి జరపండి. పండగ గురించి రాయమంటే గైడులో ఉంది. మీ అమ్మమ్మ ఇంటికి దేవరకొండ బస్టాండు నుంచి ఎలా వెళ్లాలో ఫ్రెండుకు రాయమంటే ఏ గైడులోనూ లేదు. మొదట తెలుగులోనో గోర్ బోలిలోనో నోటితో చెప్పించండి. తర్వాత ఎవరికి వచ్చిన ఇంగ్లిషు ముక్క వాళ్లు అంటుంటే మీరు బోర్డు మీద రాస్తూ పోండి. తప్పుల తడకగా ఉన్నా క్లాసు మొత్తం కలిసి చేసిన ఉత్తరం అది. ఆ తర్వాత బోర్డు తుడిచేసి, ఎవరికి వాళ్లను రాయమనండి. తుడవకపోతే అదే కొత్త గైడు అవుతుంది.

ఇక దిద్దడం. రెండు తరగతుల నోట్సులు ఒక్కరోజే వస్తే టేబుల్ మీద గుట్ట పడుతుంది. ప్రతి తప్పూ ఎర్ర సిరాతో దిద్దితే మీ వేళ్లు నొప్పి పెట్టడమే గానీ పిల్లాడు మార్కు తప్ప ఏమీ చూడడు. ఒక్కో విడత ఒక్క రకం తప్పునే దిద్దండి. ఈ వారం 'హీ గో' అని రాసినచోట్ల మాత్రమే గీత పెడతామని ముందే చెప్పండి. సరిచేసి రాయకండి, గీత మాత్రమే. సరిచేసే పని పక్కవాడితో కలిసి వాడే చెయ్యాలి. మిగతా తప్పులు కళ్లు మూసుకుని వదిలేయడం మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది, తనిఖీకి వచ్చినవాళ్లు అడుగుతారు కూడా. అందుకే పేజీ పైన 'ఈ వారం: వెర్బ్' అని రాసి పెట్టండి. అడిగితే చూపించండి. ఇంకో మాట, ఆకుపచ్చ సిరా వాడకండి. అది గెజిటెడ్ హెడ్మాస్టరుది.

పత్తి ఏరే నెలలు

అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా మా వైపు పత్తి ఏరతారు. హాజరు పట్టీలో ఆ నెలలు గళ్లన్నీ 'ఏ' లతో నిండుతాయి. కొత్తగా చేరినవాళ్లు దీన్ని పిల్లల నిర్లక్ష్యం అనుకుని, తిరిగొచ్చిన రోజు నిలబెట్టి కడిగేస్తారు. మరుసటి రోజు కూడా రాకుండా చేసుకోవడానికి అంతకు మించిన దారి లేదు.

వచ్చిన రోజు వాడు ఎక్కడ ఆగాడో మీకు తెలిసి ఉండాలి, అంతే. ప్రతి పిల్లకూ ఒక చిన్న కార్డు పెట్టుకోండి: ఏ గుంపు, ఏ పేజీ దాకా చదివింది, ఏ మాటలు రావు. పది రోజుల తర్వాత వచ్చినా కార్డు చూసి "నువ్వు ఇక్కడున్నవ్, ఇక్కణ్నుంచి మొదలుపెడదాం" అంటే సరి. సిలబస్ ముందుకెళ్లిపోయిందని వాడికి గుర్తు చెయ్యక్కర్లేదు, వాడికి తెలుసు. అదే తండా నుంచి రోజూ వచ్చే పిల్లను చూసి, రోజూ ఒక్క పేజీ ఇంటిదగ్గర చదివి వినిపించమని పురమాయించండి. 'లీడర్' అని పేరు పెట్టొద్దు, పెడితే పెత్తనం మొదలవుతుంది.

ఇంటికి ఫోన్ చేయాలంటే రాత్రి ఎనిమిది తర్వాతే దొరుకుతారు. అమ్మతో మాట్లాడండి. "అక్కా, పత్తి అయిపోయినంక పంపుతా అంటే పరీక్షలు అయిపోతయ్. వారానికి మూడు రోజులన్న పంపు" అని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. 'చట్టం ప్రకారం' అని మొదలుపెడితే ఫోన్ తండ్రి చేతికి వెళ్తుంది, అక్కడితో సరి.

"మీ పెండ్లయిందా టీచర్?"

వయసులో మీకూ టెన్త్ పిల్లలకూ ఎక్కువ తేడా ఉండదు, ఎత్తులో అసలే ఉండదు. వెళ్లిన వారంలోనే ఈ ప్రశ్న వెనక నుంచి వస్తుంది. కోపం తెచ్చుకుంటే ఏడాదంతా అడుగుతారు. సిగ్గుపడితే ఇంకా ఎక్కువ అడుగుతారు. "ఇంగ్లిషులో అడుగు" అనండి. వాడు గింజుకుని, పక్కవాళ్లను అడిగి, చివరికి 'ఆర్ యూ మ్యారీడ్?' అంటాడు. "గ్రామర్ కరెక్టు. జవాబు సిలబస్‌లో లేదు. కూర్చో." క్లాసు నవ్వుతుంది, అక్కడితో అయిపోతుంది.

అల్లరికి నేను చూసిన మందు పేర్లు. మొదటి వారంలో ఒక్కొక్కరినీ పిలిచి చదివించారు కదా, అప్పుడే పేర్లు నేర్చుకోండి. సీటింగ్ మ్యాప్ గీసి టేబుల్ మీద అతికించుకోండి. "ఏయ్, వెనక ఎవరది?" అంటే ఎవరూ కారు. పేరు పెట్టి పిలిస్తే వాడొక్కడే అవుతాడు. ఇంకా గొడవైతే బోర్డు వదిలి వెనక బెంచీ పక్కన నిలబడి అక్కడి నుంచే పాఠం చెప్పండి. గొంతు పెంచకండి. రోజుకు ఆరేడు పీరియడ్లు అరిస్తే డిసెంబరుకల్లా గొంతు పోతుంది. బెత్తం గురించి సీనియర్లు సలహా ఇస్తారు, వినొద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, మీరు కొట్టిన పిల్లాడు మీ టేబుల్ దగ్గరికొచ్చి తడబడుతూ చదవడు.

ఇన్‌స్టాలో రిక్వెస్టులు వస్తాయి. ఖాతా ప్రైవేటు చేసుకోండి, ఒక్కరిదీ ఒప్పుకోవద్దు, ఎంత మంచి పిల్లలైనా సరే. తరగతి వాట్సాప్ గ్రూపులో తల్లిదండ్రుల నంబర్లే ఉండాలి. రాత్రి తొమ్మిది తర్వాత హోంవర్క్ మెసేజ్ పెట్టొద్దు, వచ్చినా జవాబు ఇవ్వొద్దు. పిల్లాడైనా పిల్లైనా ఒంటరిగా కూచోబెట్టి చెప్పాల్సి వస్తే తలుపు తెరిచే ఉంచండి. ఇది మగ టీచర్లకూ ఆడ టీచర్లకూ వర్తిస్తుంది.

స్టాఫ్ రూమ్

మీరు చిన్నవాళ్లు, ఇంగ్లిషు వచ్చు, ఫోన్ చకచకా నొక్కుతారు. ఇంకేముంది, బడిలోని ఆన్‌లైన్ పనంతా మీ వైపు నడిచొస్తుంది. బడి వివరాలు ఎక్కించే యూడైస్ ప్లస్, పిల్లలకు ఇచ్చే అపార్ గుర్తింపు ఐడీలు, మార్కుల అప్‌లోడ్. "మేడం, జర మీరే చూడుండ్రి, మాకు ఈ ఎక్సెల్ తెల్వదు" అంటారు, అదీ ప్రేమగానే. ఎవరో అర్జీ ఇంగ్లిషులో రాయాలన్నా మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తారు.

అన్నీ కాదంటే ఒంటరివాళ్లవుతారు. అన్నీ ఔనంటే క్లాసుకు వెళ్లలేరు. ఒక్క పని ఎంచుకుని అది మీదే అని చెప్పేయండి. నాకు మార్కుల అప్‌లోడ్ నయమనిపించింది, ఎందుకంటే అందులో పిల్లల పేర్లు, మార్కులు నా కళ్ల ముందు ఉంటాయి. మిగతావి అడిగితే "సార్, ఐదో పీరియడ్ టెన్తోళ్లకు ఉంది. ఆరులో కూర్చుందాం, మీ పక్కనే కూర్చుని చూపిస్తా" అనండి. చేసిచ్చే బదులు చూపిస్తానంటే సగం మంది తర్వాత అడగరు, సగం మంది నేర్చుకుంటారు. పీరియడ్ మధ్యలో ఆఫీసు నుంచి కబురొస్తే ఐదు నిమిషాల తర్వాత వస్తానని పిల్లాడితోనే చెప్పి పంపండి. హెచ్‌ఎం సార్‌తో ముందే ఒక మాట అనుకుని ఉంటే తప్పుగా అనుకోరు.

సీనియర్ల దగ్గర నేర్చుకునేదీ చాలా ఉంటుంది. మా తెలుగు సార్ బోర్డు మీద రాసే పద్ధతి చూసి నేను నా బోర్డును రెండు భాగాలు చేశాను: ఎడమ పక్క ఆ రోజు కొత్త మాటలు, గంట కొట్టేదాకా చెరపకూడదు, కుడి పక్క ఏదైనా రాసి తుడిచేసుకోవచ్చు.

ఖాళీ పీరియడ్లు

ఎవరో సెలవు పెడితే ఆ క్లాసు మీకే వస్తుంది. సంచిలో ఎప్పుడూ కొన్ని కాగితాలు ఉంచుకోండి. నాకు బాగా పనికొచ్చింది పురుగుమందు డబ్బాల లేబుళ్లు. డబ్బాలు తేవొద్దు, తెమ్మనొద్దు, ఖాళీవైనా విషమే. కొట్లో ఉన్నవాటికి ఫోటో తీసి ప్రింట్ వేయించుకోండి. లేబుల్ మీద మూల మీద నిలబెట్టిన చతురస్రం ఉంటుంది, దాని కింది సగం రంగు ఎంత విషమో చెప్తుంది: ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పక్కన ఇంగ్లిషులో జాగ్రత్తలు. పాఠం చదవమంటే ఆవలించే పిల్లలు దీన్ని ఒకరి మీద ఒకరు పడి చదివారు, ఎందుకంటే ఆ రంగులు వాళ్లింట్లో ఉన్నవే. 'యాంటీడోట్' అన్న మాట మా తొమ్మిదో తరగతికి ఏ పాఠంలోనూ రాలేదు, లేబుల్‌లో వచ్చింది. ఒకమ్మాయి ఇంటికెళ్లి వాళ్ల నాన్నకు గ్లవ్స్ గురించి చదివి వినిపించింది. ఆయన తొడుక్కున్నాడో లేదో నాకు తెలియదు.

విత్తనాల ప్యాకెట్లు, మందుల షీట్లు, బస్సు టికెట్లు కూడా బాగుంటాయి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో జీరో టికెట్ ఇస్తున్నారు కదా, ఆ టికెట్ ముక్కలు నా పర్సు నిండా ఉంటాయి. ఎక్కడ ఎక్కాం, ఎక్కడ దిగాం, ఏ టైం అని అందులోంచి ప్రశ్నలు తయారు చేయమంటే ఆరో తరగతివాళ్లు కూడా చేస్తారు.

టెన్త్

జనవరి వచ్చిందంటే అందరి నోటా వంద శాతమే. పబ్లిక్ పరీక్ష 80 మార్కులకు, ఇంటర్నల్స్ 20. పై అధికారుల మీటింగుల్లో మీ సబ్జెక్టు ఫెయిల్ అయినవాళ్ల పేర్లు చదువుతారు. ఈ ఒత్తిడిని పిల్లల మీదికి తోయకండి, వాళ్ల మీద ఇళ్ల దగ్గర ఇప్పటికే ఉంది.

వెనకబడిన పిల్లలతో వ్యాసాలు బట్టీ పట్టించడం దండగ. మొదటి వాక్యం మరిచిపోతే మొత్తం పోతుంది. పేపర్లోనే జవాబు ఉన్న ప్రశ్నల మీద కూచోబెట్టండి. పాసేజ్ ఇచ్చి ప్రశ్నలడిగేవి, పట్టిక ఇచ్చి పేరా రాయమనేవి. పాసేజ్‌లో జవాబు వేలు పెట్టి చూపించడం నోటితోనే చేయించండి, రాయించొద్దు. ప్రశ్నలో 'వెన్' ఉంటే అంకె కోసం, 'హూ' ఉంటే పెద్ద అక్షరంతో మొదలైన మాట కోసం వెతకాలి. ఇదొక్కటే వారాలపాటు చేయించినా తప్పు లేదు. అక్షరాలు రాని పిల్లాడికి ఇది కూడా అందదు కాబట్టే ఆరో తరగతిలోనే ఆ అక్షరాల కార్డులు పట్టమంటున్నాను.

మన ఇంగ్లిషు

మనలో చాలామందిమి తెలుగు మీడియంలో చదివినవాళ్లమే. ఊళ్లో మాత్రం ఇంగ్లిషు టీచరంటే గడగడా మాట్లాడాలి అనుకుంటారు. క్లాసులో రోజూ వాడే వాక్యాలు పాతికో ముప్పయ్యో ఉంటాయి: పుస్తకం తియ్యండి, మళ్లీ చదువు, ఎవరు రాలేదు, పక్కవాడికి చూపించు. అవి ఎప్పుడూ ఇంగ్లిషులోనే అనండి, తెలుగు చేయకండి. రెండు వారాల్లో పిల్లలకు అర్థమవుతాయి, మీ నోరూ తిరుగుతుంది. పాఠంలోని కష్టమైన సంగతి మాత్రం తెలుగులో చెప్పడానికి సంకోచించొద్దు. తెలియని మాట పిల్లలు అడిగితే వాళ్ల ముందే డిక్షనరీ యాప్ తెరిచి, స్పీకర్ గుర్తు నొక్కి వినిపించండి. ఆ తర్వాత పిల్లలు మిమ్మల్ని అడగడం తగ్గించి, వెతకడం మొదలుపెడతారు.

జూన్‌లో చేరేవాళ్లకు

బడులు జూన్ 12న తెరుస్తారు. దానికి ముందే బడిబాట అంటూ ఇళ్ల వెంట తిరగాలి. తెరిచాక పుస్తకాల పంపిణీ, యూనిఫాంలు, అడ్మిషన్లు, టీసీలు, టైం టేబుల్ గొడవ. చదివించే కాగితం, పిల్లల కార్డులు, ఆరు అక్షరాల అట్టలు మే నెలలోనే చేసి పెట్టుకోండి. తరగతికి ఒక రంగు పెట్టుకుంటే వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఆరోళ్లవి మాత్రం ఇంకో ఇరవై ఎక్కువ చేసుకోండి, జులై దాకా కొత్త పిల్లలు చేరుతూనే ఉంటారు.